జూన్ దాకా పట్టే పని

2014 అక్టోబరు పద్నాలుగు, మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావు. బిష్కెక్‌లో అప్పుడు ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు. పొద్దున వానగా మొదలైనది మధ్యాహ్నానికి తడిమంచుగా మారి, నేలను తాకగానే కరిగిపోతోంది. దక్షిణాన కొండలు కనబడడం లేదు. కాన్సరు ఆసుపత్రి మూడో అంతస్తులో, అందరూ రంగులగది అని పిలిచే ఆ గది పుస్తకంలో, సబీరా ముందు ఈ నాలుగు సంగతులూ రాసి, ఆ తర్వాతే ఆనాడు వచ్చిన వాళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టింది. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో భూగోళం చెప్పిన మనిషి కనుక వేళా వాతావరణమూ లేకుండా ఏ పుటా మొదలుపెట్టలేదు.

ఒకప్పుడు దుప్పట్లు భద్రపరిచిన గది అది. రోగులూ, వాళ్ళకు సాయంగా ఉండే బంధువులూ అక్కడికి వచ్చి బొమ్మలు వేసుకోవచ్చు, కుట్టుకోవచ్చు, ఊరికే కూర్చుని టీ తాగిపోవచ్చు. సబీరా మంగళ, శుక్రవారాలు జీతం లేకుండా వచ్చి పనిచేసేది. ఆమె భర్త నాలుగేళ్ళ కిందట అదే అంతస్తులో, పదకొండో నంబరు గదిలో పోయాడు. ఆయనకు చివరిదాకా చెప్పింది కడుపులో పుండు అనే. డాక్టరూ అదే చెప్పాడు, కొడుకులూ అదే చెప్పారు, ఆమే అందరికంటే గట్టిగా చెప్పింది. వచ్చే వసంతానికి తేనెపెట్టెలు ఎన్ని కొనాలో లెక్కవేసుకుంటూ ఆయన కన్నుమూశాడు. తన సంసారజీవితంలో ఆయనకు తాను చేసిన అతి పెద్ద ఉపకారం ఆ అబద్ధమేనని సబీరా నమ్మింది. తర్వాత జరిగినదంతా ఈ నమ్మకంలోంచి పుట్టిందే.

ఆ మంగళవారం కొత్తగా ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. చెల్లెలు అనార్కాన్, నలభై మూడేళ్ళు, అత్‌బాషీలో బట్టలు కుట్టే మనిషి. అక్క కలీపా ఆమెకంటే ఏడేళ్ళు పెద్ద, కొచ్కోర్‌లో బడి వంటగది చూసుకుంటుంది. అనార్కాన్ వస్తూనే బల్లమీది కాగితం తీసుకుని, ముందు గీత కూడా గీయకుండా, ఎడమచేత్తో కత్తెర పట్టి పొట్టేలు కొమ్ముల ముగ్గు కత్తిరించింది. రెండు కొమ్ములూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. సబీరా దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తూ ఉండగా కలీపా వచ్చి, టీ నీళ్ళు తెద్దాం రమ్మని ఆమెను నడవాలోకి పిలిచింది. అక్కడ ఆమె చెయ్యి పట్టుకుంది.

“టీచరమ్మా, దానికి తెలీదు. ఊపిరితిత్తులు వాచాయని చెప్పాం. డాక్టరు నాతో మాత్రం కొత్త సంవత్సరం దాకా అన్నాడు. మీ నోటి నుంచి కూడా రానీయకండి.”

తొమ్మిది నెలలు తన భర్తకే చెప్పలేదని, ఆ విషయంలో తన గురించి బెంగ అక్కర్లేదని సబీరా అంది. కలీపా ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పరాయి మనిషి గుట్టును కడుపులో దాచుకోగలనని సబీరాకు ఆ రోజు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

రంగులగదికి రోజూ వచ్చేవాళ్ళలో తుర్దుబెక్ అనే ముసలాయన ఒకడు. డెబ్బై దాటినవాడు, ఒకప్పటి గుర్రాల కాపరి. గుర్రాలు తప్ప మరేమీ వేయడు, అవి కూడా వెనకనుంచే. ముందునుంచి వేస్తే మొహం కుదరదని, తన జన్మంతా వాటి వెనకే నడిచాను గనుక తనకు తెలిసిన వైపు అదేనని చెప్పేవాడు. గదిలోకి రాగానే తలమీది కల్పాక్, ఆ తెల్ల ఉన్నిటోపీ, తీసి తలుపు పక్క మేకుకు తగిలించేవాడు, వెళ్ళేటప్పుడు దుమ్ము దులిపి రెండు చేతులతో పెట్టుకునేవాడు. అనార్కాన్ వచ్చిన రెండో వారంలో ఎవరో ఆయన జబ్బేమిటని అడిగారు.

“పుండు,” అన్నాడాయన కుంచె కడుక్కుంటూ. “మా వాడు చెప్పాడు. ఈ అమ్మాయికి వాపట. ఆ మూలాయనకి చలిచేసిందట. బయట బోర్డు మీద ఏదో రాశారు గానీ, ఈ అంతస్తులో కాన్సరు ఒక్కడికీ లేదు తల్లీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళందర్నీ ఏరి తెచ్చి పడుకోబెట్టారు.”

అందరూ నవ్వారు. అనార్కాన్ కూడా నవ్వింది, కాని అందరికంటే ఆలస్యంగా నవ్వి, అందరికంటే ముందు ఆపేసింది. సబీరా అది చూసింది, చూడనట్టు టీ పోసింది.

ఆ నవ్వు ఫలితం మూడు రోజులకు, అక్టోబరు ఇరవై నాలుగున, శుక్రవారం బయటపడింది. కలీపా మందులకు వెళ్ళింది. అనార్కాన్ సబీరాను కిటికీ దగ్గరికి పిలిచి, షిర్దక్ చేద్దామనుకుంటున్నానని చెప్పింది. షిర్దక్ అంటే రెండు రంగుల ఒత్తిన ఉన్నిని ఒకదానిమీద ఒకటి పరిచి, ఒకే కత్తితో ముగ్గు కోసి, దీని ముక్కను దానిలో, దాని ముక్కను దీనిలో పొదిగి కుట్టే తివాచీ. ఒక్కసారి కోస్తే రెండు పుడతాయి. కూర్చునే చాపంత చిన్నది కొత్త సంవత్సరానికి అయిపోతుంది. గదికి సరిపడే పెద్దది చలికాలం మొదట్లో మొదలుపెడితే ఎండాకాలానికి గాని తేలదు. సగంలో ఆగితే ఒకటి కాదు, రెండు పాడవుతాయి. అందువల్ల ముగిస్తానన్న ధీమా లేని ఆడది పెద్ద షిర్దక్ మీద కత్తి పెట్టదు.

“టీచరమ్మా, మీరు నాకు ఏమీ కారు,” అంది అనార్కాన్. “అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పెద్దది మొదలుపెట్టనా, చిన్నదా?”

తనను అడుగుతున్నది ఏమిటో సబీరాకు ఆ క్షణాన సంపూర్ణంగా అర్థమైంది. ఆ మాట ఆమె తర్వాత ఎప్పుడూ దాచుకోలేదు. అర్థం కాలేదని చెప్పుకుని ఉంటే కొంత సుఖంగా ఉండేది. జవాబు చెప్పడానికి ముందు ఆమెకు పదకొండో నంబరు గది గుర్తొచ్చింది. ఈమెకు నిజం చెప్పడం మేలైతే, ఆయనకు చెప్పకపోవడం ఏమవుతుంది? ఆ ప్రశ్న వైపు చూడడం ఇష్టం లేక ఆమె అనార్కాన్ చేతిలోని సుద్దముక్క వైపు చూసింది.

“పెద్దదే మొదలుపెట్టు. జూన్‌కి అయిపోతుంది.”

“జూన్‌కే కావాలి. జూన్‌లో నాకో పని ఉంది,” అంది అనార్కాన్, మొహం తేటపడి. ఏమి పని అని సబీరా అడగలేదు. అడిగితే అబద్ధం మరింత పొడవు పెంచాల్సి వస్తుందని భయపడింది.

కలీపా ఊరినుంచి ఎర్ర ఉన్నీ ముదురు నీలం ఉన్నీ తెప్పించింది. ముగ్గు దింపడానికి వారం పట్టింది. గదిలో ఉన్నవాళ్ళంతా మోకాళ్ళమీద కూర్చుని ఉన్నిని బిగపట్టుకుంటే అనార్కాన్ కత్తి నడిపేది. తుర్దుబెక్ మాత్రం ఉన్ని ఒక మూల మీద కూర్చునేవాడు. తన బరువు ఇన్నాళ్ళకు ఒక పనికి వచ్చిందనేవాడు. కలీపా సబీరాకు ఊరి కురుత్, ఎండబెట్టిన పుల్లపెరుగు ఉండలు, తెచ్చి ఇచ్చేది, ఇంటిమనిషిలా నెత్తిన పెట్టుకునేది. ఇద్దరికీ నిజమైన స్నేహం కుదిరిందనే సబీరా అనుకుంది.

నవంబరు మొదటి వారంలో బడికి సెలవులిచ్చారు. కలీపా కూతురు బేగాయిమ్ పిన్నిని చూడడానికి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, ఆఖరి తరగతి, నోటికి తాళం లేదు. వచ్చిన గంటలోనే కత్తి అడిగి తీసుకుని ఎడమచేత్తో కోయడం మొదలుపెట్టింది. అచ్చం పిన్ని చెయ్యే వచ్చిందే అని సబీరా అంటే, తమ అమ్మమ్మది కూడా ఎడమచెయ్యేనని కలీపా వెంటనే అందుకుంది. అడగని సంగతి ఎందుకు చెబుతోందో సబీరాకు ఆ రోజు తట్టలేదు.

మూడో రోజు కలీపా బస్సు టికెట్టుకు వెళ్ళింది. ఆ గంటా ఇరవై నిమిషాలు గదిలో అనార్కాన్, బేగాయిమ్, సబీరా తప్ప ఎవరూ లేరు. సబీరా వాళ్ళకు వీపు పెట్టి కుంచెలు కడుగుతోంది. అనార్కాన్ పిల్లను పేరు పెట్టి పిలిచింది. పిల్ల వచ్చి ఎదురుగా చతికిలబడింది. గుడ్డ అందుకోబోతూ సబీరా తిరిగి చూసింది. అనార్కాన్ పిల్ల చేతివేళ్ళు పట్టుకుని ఉంది. చూపు మాత్రం గోడమీది కాలెండరు మీద ఉంది.

“ఏం లేదులే. పరీక్షలు కానీ. జూన్‌లో నీకో మాట చెప్పాలి.”

“ఇప్పుడే చెప్పు పిన్నీ. జూన్ దాకా నాకు నిద్ర పట్టొద్దా?”

“నీకెందుకు పట్టదు? పాఠాల్లోనే పడుతుందట కదా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు పిల్ల ఊరెళ్ళిపోయింది.

నవంబరు మూడో వారం నుంచి అనార్కాన్‌కు మాటలు తప్పసాగాయి. కత్తిని దారం అనేది, దారాన్ని నీళ్ళు అనేది, వెంటనే తనకే తెలిసి చికాకుపడేది. తలనొప్పి అంది. మందుల వల్ల అని అందరూ చెప్పారు. సబీరా కూడా చెప్పింది. ఇరవై ఐదు, మంగళవారం తుర్దుబెక్ రంగులగదికి రాలేదు. నర్సును అడిగితే, బాగైపోయాడు, ఇంటికి పంపేశారని చెప్పి వెళ్ళిపోయింది.

శుక్రవారం, నవంబరు ఇరవై ఎనిమిది. సబీరా తలుపు తీసేసరికే అనార్కాన్ గోడ పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వచ్చి కూర్చోలేదు. మేకు వైపు చూసింది. తెల్ల కల్పాక్ అక్కడే ఉంది.

“ఏ కిర్గిజ్ మగాడు కల్పాక్ ఇక్కడ వదిలేసి ఇంటికెళ్తాడు?” అంది, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. ఆ తర్వాత సబీరా వైపు తిరిగింది. “నేనూ అలాగే ఇంటికెళ్తానా?”

సబీరా కూడా మేకు వైపు చూసింది. ఆ కల్పాక్ ముందు ఇక ఏ అబద్ధమూ నిలవదు. అవునని తలూపింది.

“ఎప్పట్నుంచి తెలుసు మీకు?”

“నువ్వు వచ్చిన రోజు నుంచే.”

అనార్కాన్ వేళ్ళమీద వారాలు లెక్కపెట్టింది. “అంటే నేను పెద్దదా చిన్నదా అని అడిగినప్పుడు మీకు తెలుసు.”

“తెలుసు.”

“మా అక్క అబద్ధం చెప్పిందంటే అక్క గనక చెప్పింది. మీరు నాకేమీ కారని కదా మిమ్మల్ని అడిగాను.”

ఆమె గొంతు పెంచలేదు. ఉన్ని మడత మీద కూర్చుని, ఆగి ఆగి, తప్పిన మాటల చోట చెయ్యి ఊపుతూ, జూన్‌లో తనకున్న పని ఏమిటో చెప్పింది. బేగాయిమ్ తన కూతురు. కలీపాకు తొమ్మిదేళ్ళు పిల్లలు లేకపోతే, నలభై రోజులు నిండగానే పెద్దల ముందు తన మొదటి బిడ్డను ఆమె ఒడిలో పెట్టింది. తనకు మళ్ళీ పుడతారనుకుంది. పుట్టలేదు. భర్త లారీతో లోయలో పడి పోయాడు. బడి చదువు పూర్తయ్యాక, జూన్‌లో, పిల్లకు తానే చెప్పుకోవచ్చని అక్కచెల్లెళ్ళిద్దరూ మాట అనుకున్నారు. పిల్ల మొన్న మూడు రోజులు ఈ గదిలోనే ఉంది. చెప్పబోయి, జూన్ ఉంది కదా అని ఆగిపోయింది.

“జూన్ నాకు మీరిచ్చారు,” అంది.

సబీరా కాగితం తెచ్చి, నువ్వు చెప్పు, నేను రాస్తాను, సంతకం పెట్టు అంది. అనార్కాన్ కాగితాన్ని పక్కకు నెట్టేసింది. మీ చేత్తో రాసిన మాటను నా కూతురు ఎందుకు నమ్మాలి అని అడిగింది. ఫోనులో చెప్పే మాట కూడా కాదు అంది. పిల్లను రప్పించమంది, అంతే.

సబీరా కలీపాను నడవాలో, నెలన్నర కిందట ఆమె తన భుజం మీద ఏడ్చిన చోటనే ఆపింది. చెల్లెలికి తెలిసిపోయిందని చెప్పింది. కలీపా మొదట గోడకు ఆనుకుంది, తర్వాత సర్దుకుని నిలబడింది. అప్పుడు ఆమె మొహంలో కనబడినది దుఃఖం ఒక్కటే కాదు. సబీరా లోపల ఒక్కొక్క ముక్కా తన చోటికి వచ్చి చేరింది: ఎవరూ అడగకముందే అమ్మమ్మ ఎడమచేతి సంగతి చెప్పడం, కురుత్ ఉండలు, ఇంటిమనిషిని చేసుకోవడం.

“ఆ పిల్ల గురించే దాచావా?” అని అడిగింది.

“చెల్లికి తన జబ్బు సంగతి తెలిస్తే ఆ రోజే పిల్లకి చెప్పేసేది,” అంది కలీపా. “పదిహేడేళ్ళు పెంచినదాన్ని నేను. ఒక్క మాటతో నన్ను పెద్దమ్మని చేసేసేది. జూన్ దాకా ఉండదని డాక్టరు చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ప్రాణం కుదుటపడింది కూడా. రెండూ నిజమే. ఏం చెయ్యమంటారు?”

“మరి నన్నెందుకు వాడుకున్నావు?”

“నేనేం వాడుకున్నాను టీచరమ్మా? నోరు మూసుకోమన్నాను. మీకు అలవాటే కదా.”

పిల్లను వెంటనే పిలిపించమని మాత్రం సబీరా అంది. కలీపా కళ్ళు తుడుచుకుని, రేపే ఫోను చేస్తాను, ఆదివారానికల్లా వస్తుందంది.

ఆదివారం పిల్ల రాలేదు. బడిలో ఏవో పరీక్షలంది కలీపా. మంగళవారం రాలేదు. దారిలో మంచు అంది. కొచ్కోర్ దారిలో ఏ నెలలో ఎక్కడ ఎంత మంచు పడుతుందో ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పిన మనిషికి ఆ మాట చెప్పింది, సబీరా విని ఊరుకుంది. ఒకసారి తనను మోసం చేసిన మనిషి మాటనే ఐదు రోజులు ఎందుకు పట్టుకుని కూర్చుందో ఆమె తర్వాత ఎన్నోసార్లు తరచి చూసుకుంది. తల్లీబిడ్డల మధ్య చెయ్యి పెట్టే హక్కు తనకు లేదని అప్పట్లో అనుకుంది. అది హక్కుల సంగతి కాదని, తన తప్పును ఇంకొకరు సరిదిద్దాలని ఎదురుచూసిందని తర్వాత ఒప్పుకుంది. బుధవారం, డిసెంబరు మూడున, కొచ్కోర్ బడిలో తనకు తెలిసిన ఉపాధ్యాయురాలికి ఫోను చేసింది. నాలుగు నిమిషాల్లో పిల్ల ఫోనులోకి వచ్చింది. పిన్నికి బాగాలేదు, రమ్మంటోంది అని సబీరా చెప్పింది. పరీక్షలేమీ లేవట. ఎవరూ తనను పిలవనే లేదట.

గురువారం తెల్లవారేసరికి అనార్కాన్‌కు మాట పడిపోయింది. పూర్తిగా కాదు, ఒకే ఒక్క మాట మిగిలింది. నీళ్ళు కావాలన్నా అదే, నొప్పి అన్నా అదే, నర్సును పొమ్మన్నా అదే. జబ్బు తలకు పాకి, అక్కడి గడ్డ మాటల చోటును నొక్కితే కొందరికి ఇలా ఒక మాటే మిగులుతుందని డాక్టరు చెప్పాడు. కలం చేతికిస్తే గీతలు గీసింది, అక్షరాలు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బేగాయిమ్ వచ్చింది. కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చుని పిన్ని చెయ్యి పట్టుకుంది. కలీపా మంచానికి అవతల నిలబడింది, సబీరా కాళ్ళ దగ్గర. అనార్కాన్ పిల్ల మొహంలోకి చూస్తూ, ఉన్న బలమంతా కూడగట్టుకుని నోరు తెరిచింది.

“జూన్,” అంది. “జూన్... జూన్.”

“అవును పిన్నీ, జూన్‌లో చెబుదువుగాని,” అంది పిల్ల ఏడుస్తూ. “నాకేం తొందర లేదు. నువ్వు అలిసిపోకు.”

అనార్కాన్ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అదే మాట అంది, మళ్ళీ ఊపింది. ఆ తర్వాత కళ్ళు సబీరా మీదికి తిప్పింది. చెప్పమని అడుగుతోందో, నీ నోటితో వద్దంటోందో సబీరాకు తెలియలేదు. కలీపా కూడా సబీరా వైపే చూస్తోంది. సబీరా నోరు తెరిచింది. మీ చేత్తో రాసిన మాటను నా కూతురు ఎందుకు నమ్మాలి అన్న మాట గుర్తొచ్చి మూసుకుంది. ఒక రెప్పపాటు తర్వాత అనార్కాన్ చూపు తిప్పేసుకుని గోడవైపు ఒత్తిగిలింది.

ఆమె డిసెంబరు పంతొమ్మిదిన పోయింది. అత్‌బాషీకి తీసుకువెళ్ళి, అక్కడి మట్టిలో పెట్టారు. తానెందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే దారి బాగాలేదని సబీరా చెప్పేది. కోసిన ఉన్ని రెండు చుట్టలనూ కలీపా మనిషిని పంపి తెప్పించుకుంది. సబీరా రంగులగది మానలేదు. మానడం తేలికని ఆమెకు తెలుసు. కాని ఆ జనవరి నుంచి, నడవాలోకి పిలిచి చెయ్యి పట్టుకునే బంధువులకు ఆమె మొదటే చెప్పేది: రోగి అడగనంతవరకు నేను ఏమీ అనను, అడిగితే మాత్రం అబద్ధం చెప్పను, అది ఇష్టం లేకపోతే ఇక్కడికి పంపకండి. చాలామంది పంపడం మానుకున్నారు. కొన్ని శుక్రవారాలు పుస్తకంలో వేళా వాతావరణమూ తప్ప ఒక్క పేరూ ఉండేది కాదు.

కలీపా తనంతట తానే బేగాయిమ్‌కు సంగతి చెప్పింది, 2019 మార్చిలో. అదే వారం బేగాయిమ్ సబీరాకు ఫోను చేసి, ఆ రోజు మంచం దగ్గర నిలబడ్డప్పుడు మీకు తెలుసా అని అడిగింది. సబీరా తెలుసంది. బేగాయిమ్ ఫోను పెట్టేసింది, మళ్ళీ చేయలేదు.